కాలు నాది, వైద్యం అందరిదీ

విశాఖ బీచ్ రోడ్డులో పొద్దున్నే బళ్లు రానివ్వరు. అక్కడ పరిగెత్తేవాళ్లకి ఏ ప్రమాదమూ ఉండదని అందరి నమ్మకం. నిజమే, పరిగెత్తినంతసేపూ నాకేం కాలేదు. పరుగు ముగించి, కురుసుర సబ్‌మెరైన్ దగ్గర కొబ్బరిబొండాం తాగుతూ ఒక్క అడుగు వెనక్కి వేశాను. అక్కడ ఎవరో తాగి పారేసిన బొండాం ఉంది. పాదం లోపలికి మడతపడి చీలమండ బెణికింది.

ఇంట్లో మాత్రం నేరం పరుగు మీదే పడింది. బొండాం సంగతి ఎంత చెప్పినా, "పరిగెత్తకపోతే దాహమెందుకేస్తుందిరా?" అని అమ్మ. మా ఆవిడ అత్తగారి పక్షాన మాట్లాడటం పెళ్లయ్యాక అప్పుడే చూశాను.

ఎముకకేం కాలేదు, బయటివైపు లిగమెంటు కాస్త సాగింది, కొన్ని వారాల్లో సర్దుకుంటుంది అన్నాడు ఫిజియో. అంత చిన్న జబ్బంటే మావాళ్లకి నచ్చలేదు. పుత్తూరు కట్టు కట్టించాల్సిందేనని కింది వాటా పిన్నిగారు పట్టుబట్టారు. విరగలేదు కదండీ అంటే, "విరిగేదాకా ఆగుతావా?" అన్నారు. ఎదురుకాళ్లతో పుట్టినవాడి చేత తొక్కించమన్నాడు బాబాయి. అలాంటి మనిషి ఎదురింట్లోనే దొరికాడు, తొంభై కిలోలకి తగ్గడు. నేను గదిలోకి కుంటుకుంటూ వెళ్లి గడియ పెట్టుకున్నాను.

ఐసు పెట్టుకుందామని ఫ్రిజ్ తీసేలోగా అమ్మ చింతపండూ ఉప్పూ ఉడికించి పట్టు వేసేసింది. బెణుకులకి ఐసు పెట్టమని 1978లో సూత్రం చెప్పిన అమెరికా డాక్టర్ గేబ్ మిర్కిన్, గాయం మానడం దానివల్ల ఆలస్యం కావచ్చని తర్వాత తనే మాట మార్చాడు. చింతపండు విషయంలో మా అమ్మ ఇంతవరకూ మాట మార్చలేదు.

వాపు తగ్గాక ఫిజియో కసరత్తులు మొదలయ్యాయి. బెణికిన కాలి మీదే నిలబడి పళ్లు తోముకోమన్నాడు, బ్యాలెన్స్ రావడానికట. "నాన్న ఏం వరం కోరుకుంటున్నాడే?" అని మా అబ్బాయి వాళ్లమ్మని అడిగాడు.

తర్వాత పరుగుకి అనుమతి వచ్చింది కానీ, ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, మళ్లీ పరుగు. మొదటిరోజు బీచ్ రోడ్డులో ముందు ఓ తాతగారు చేతికర్రతో నడుస్తున్నారు. పరిగెత్తినప్పుడు ఆయన్ని దాటుతున్నాను, నడిచినప్పుడు ఆయన నన్ను దాటేస్తున్నారు. కాళీమాత గుడి దాకా ఇదే వరస. చివరికి ఆయన ఆగి, కర్ర రోడ్డు మీద తాటించి అన్నారు: "ఏదో ఒకటి తేల్చుకో నాయనా! నీకు దారివ్వలేక చస్తున్నాను."