ఒక్క అక్షరం దిద్దడానికి ఏడు సంతకాలు

మొన్నొక తండ్రి తన బిడ్డను వెంటబెట్టుకొని మా కార్యాలయానికి వచ్చాడు. తండా నుంచి రెండు బస్సులు మారి వచ్చారు. అమ్మాయి పీజీ పాసైంది. ఉద్యోగానికి సర్టిఫికెట్ల వెరిఫికేషన్‌కు పిలుపు కూడా వచ్చింది. చిక్కల్లా ఆఖరి సెమిస్టర్ మెమోలో వచ్చింది. ఇంటిపేరులో ఒక అక్షరం తప్పు పడింది. పదో తరగతి, ఇంటర్, డిగ్రీ మెమోలన్నింటిలో పేరు సరిగ్గానే ఉంది. ఆమె నింపిన పరీక్ష ఫారం జిరాక్స్‌లోనూ సరిగ్గానే ఉంది. తప్పు మెమో ప్రింటు తీసిన చోట జరిగింది.

దాన్ని దిద్దించుకోవడానికి ముందు బ్యాంకులో చలాన్ కట్టాలి. తర్వాత ఇన్‌వార్డులో దరఖాస్తు ఇవ్వాలి. అక్కణ్నుంచి అది సెక్షన్ క్లర్కుకు, సూపరింటెండెంట్‌కు, అసిస్టెంట్ రిజిస్ట్రార్‌కు, పరీక్షల విభాగం అదనపు కంట్రోలర్‌కు, కంట్రోలర్‌కు వెళ్తుంది. వీళ్లంతా సంతకాలు చేశాక నోట్ ఫైలు రిజిస్ట్రార్ దాకా పోయి, కిందికి దిగి, కంప్యూటర్ సెక్షన్‌కు చేరాలి. ఆమె దరఖాస్తు మూడో టేబుల్ దగ్గర ఆగింది. అక్కడ సంతకం పెట్టాల్సిన సారు ఇన్‌ఛార్జి. ఆయనకు ఇంకో రెండు బాధ్యతలున్నాయి, వారంలో రెండు రోజులే ఆ కుర్చీలో కూర్చుంటారు. వీళ్లు వెళ్లిన మూడుసార్లూ ఆయన హైదరాబాద్‌లో మీటింగ్‌లో ఉన్నారు. మూడు రోజుల కూలి, బస్సు చార్జీలు, చలాన్ డబ్బులు అన్నీ లెక్కచెప్పి ఆ తండ్రి ఒకటే అడిగాడు. "తప్పు రాసింది వాళ్లు. దిద్దేటందుకు పైసలు కట్టేది మేమా సారూ?"

ఆ విశ్వవిద్యాలయం పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే ముందుగా ఇబ్బంది పడేది ఆ అమ్మాయే. నిజానికి పేరుతో పని కూడా లేదు. ఇలాంటి దరఖాస్తు పట్టుకొని తిరిగినవాళ్లు దక్షిణ తెలంగాణలో ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు.

నల్లగొండలో మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం 2007లో, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో ఏర్పడ్డాయి. అంతకుముందు మన పిల్లలకు దగ్గర్లో ఉన్నవి ఉస్మానియా పీజీ సెంటర్లు మాత్రమే. ఏ చిన్న కాగితం కావాలన్నా హైదరాబాద్ బస్సెక్కాల్సి వచ్చేది. ఆ తిప్పలు పోవాలనే ఈ జిల్లాల జనం సొంత విశ్వవిద్యాలయాలు కావాలన్నారు. పాలమూరు లేబర్ పేరుతో దేశమంతా ప్రాజెక్టులు కట్టిన కుటుంబాల నుంచి, దేవరకొండ తండాల నుంచి, నల్లమల అంచు ఊళ్ల నుంచి వచ్చే పిల్లల్లో చాలామందికి వాళ్ల ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి తామే. ఆఫీసులో ఎవరిని ఎలా అడగాలో చెప్పే పెద్దదిక్కు ఇంట్లో ఉండదు. అటువంటి పిల్లల కోసం కట్టిన చోట, అడగడం తెలిసినవాడికే పని అవుతుందంటే అది ఘోరం.

ఈ దుస్థితికి కిందిస్థాయి ఉద్యోగులను తప్పుపట్టి చేతులు దులుపుకోవడం అన్యాయం. పరీక్షల విభాగాల్లో పనిచేసే వాళ్లలో చాలామంది అవుట్‌సోర్సింగ్ వాళ్లే. జీతం ఏ తేదీన పడుతుందో తెలియకుండా, ఫలితాల సీజన్‌లో రాత్రి దాకా కూర్చొని పనిచేసే వాళ్లను మేం చూశాం. లోపం పైన ఉంది. ఇంకా సూటిగా చెప్పాలంటే, పైన బాధ్యత తీసుకునే మనిషి నిలకడగా లేకపోవడంలో ఉంది.

2019 మధ్యలో రాష్ట్రంలోని పలు విశ్వవిద్యాలయాల వైస్ ఛాన్సలర్ల పదవీకాలం ముగిసింది. కొత్తవారిని నియమించింది 2021 మే నెలలో. దాదాపు రెండేళ్లు ఐఏఎస్ అధికారులే ఇన్‌ఛార్జి వీసీలు. సచివాలయంలో తమ శాఖ పని చూసుకుంటూ, వంద కిలోమీటర్ల అవతలున్న విశ్వవిద్యాలయాన్ని ఫైళ్ల మీద నడిపారు. అందులో కొవిడ్ కాలం కూడా ఉంది. పరీక్షలు పెట్టాలా వద్దా, హాస్టళ్లు ఎప్పుడు తెరవాలి అని రోజుకొక నిర్ణయం అవసరమైన కాలమది. అంత జరిగినా పాఠం నేర్వలేదు. 2024 మే 21న మళ్లీ 10 విశ్వవిద్యాలయాల వీసీల గడువు ముగిసింది. మూడేళ్ల పదవి ఎప్పుడు ముగుస్తుందో నియమించిన రోజే తెలుసు. అయినా కొత్త వీసీల పేర్లు సిఫారసు చేసే సెర్చ్ కమిటీల కసరత్తు సకాలంలో ముగియలేదు. కొత్త వీసీలు వచ్చేసరికి అక్టోబర్ అయింది. ఆ ఐదు నెలలూ మళ్లీ ఐఏఎస్‌ల ఇన్‌ఛార్జి పాలనే. ప్రభుత్వం మారింది, ఈ అలవాటు మాత్రం మారలేదు.

వీసీ వచ్చినా ఇల్లు అలకగానే పండుగ కాదు. ఆయన కింద పనిచేయడానికి రెగ్యులర్ అధ్యాపకులేరీ? ఉన్న కొద్దిమందిలోనే ఒకరు రిజిస్ట్రార్, ఒకరు కంట్రోలర్, ఒకరు ప్రిన్సిపాల్, ఇంకొకరు అకడమిక్ ఆడిట్ డైరెక్టర్ కావాలి. ఒక్కో ప్రొఫెసర్ చేతిలో మూడు నాలుగు బాధ్యతలు ఉంటాయి. పొద్దున పాఠం చెప్పాల్సినాయన హాస్టల్ మెస్ బిల్లు చూస్తుంటాడు. మధ్యాహ్నం విద్యాసంస్థలకు గ్రేడ్లిచ్చే నాక్ సంస్థకు రిపోర్టు రాస్తాడు. సాయంత్రం డిపార్ట్‌మెంట్‌కు వచ్చేసరికి పరిశోధన విద్యార్థి ఆయన కోసం ఎదురుచూసి చూసి వెళ్లిపోయి ఉంటాడు. ఇలా పాఠమూ సాగదు, పాలనా సాగదు. ఆ అమ్మాయి దరఖాస్తు మూడో టేబుల్ దగ్గర ఆగిపోవడానికి అసలు కారణం ఇది.

ఈ ఖాళీల కథ చాలా పాతది. రాష్ట్రంలోని విశ్వవిద్యాలయాల్లో 1,061 అధ్యాపక పోస్టుల భర్తీకి 2017లోనే అనుమతి వచ్చింది. అవి భర్తీ కాలేదు. రిజర్వేషన్లకు విశ్వవిద్యాలయాన్ని యూనిట్‌గా తీసుకోవాలా, డిపార్ట్‌మెంట్‌నా అన్న వివాదంలో కొంతకాలం గడిచింది. 2022 సెప్టెంబర్‌లో ఉమ్మడి నియామక బోర్డు బిల్లును శాసనసభ ఆమోదించింది. అది రాజ్‌భవన్‌లో ఆగి, చివరకు రాష్ట్రపతి పరిశీలనకు వెళ్లింది. బిల్లు మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. అది తేలేదాకా ఒక్క పోస్టూ నింపలేదన్నదే మా బాధ. 2025 ఏప్రిల్‌లో ప్రభుత్వం నియామక మార్గదర్శకాలు ఇచ్చింది. ఏళ్ల తరబడి పనిచేస్తున్న మా సంగతేంటని కాంట్రాక్టు అధ్యాపకులు ఆందోళనకు దిగారు. వాళ్లు అడిగిన దాంట్లో న్యాయముంది. పీహెచ్‌డీ, అధ్యాపక అర్హత పరీక్ష నెట్ ఉండి, పదేళ్లకు పైగా అదే క్లాసులో పాఠం చెప్పి, ఏటా రెన్యువల్ ఆర్డర్ కోసం టెన్షన్ పడే మనిషికి తన స్థానమేంటో తెలుసుకునే హక్కుంది. పార్ట్‌టైం వాళ్ల బతుకు ఇంకా అధ్వానం. సెలవులొస్తే వాళ్లకు జీతమే ఉండదు. కాంట్రాక్టు నియామకాలు మొత్తం అధ్యాపక పోస్టుల్లో 10 శాతం దాటకూడదని విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనలు చెబుతున్నాయి. మన క్యాంపస్‌లలో ఏ డిపార్ట్‌మెంట్ టైంటేబుల్ తీసి చూసినా ఆ నిబంధనకు ఎంత దూరంలో ఉన్నామో తెలిసిపోతుంది. రెగ్యులర్ ప్రొఫెసర్ల రిటైర్మెంట్ వయసు 60 నుంచి 65కు పెంచడం వల్ల ఉన్నవాళ్లు కొన్నాళ్లు ఎక్కువ ఉంటారు. కొత్తవాళ్లు రావడానికి అది దారి కాదు.

ఇక వృథా ఖర్చు సంగతి. వృథా అనగానే అందరికీ కార్లు, ఛాంబర్లు, ప్రారంభోత్సవ శిలాఫలకాలు గుర్తొస్తాయి. అవీ ఉన్నాయి. అధికారి మారినప్పుడల్లా సోఫాలు, ఏసీలు మారే ఆనవాయితీని ఎవరూ కాదనలేరు. మార్చి నెలాఖరులో గ్రాంటు మురిగిపోతుందని హడావుడిగా కొని, అట్టపెట్టెల్లోంచి తీయని కంప్యూటర్లు ఏ స్టోర్ రూముకు వెళ్లినా కనపడతాయి. కానీ లెక్కల్లోకి ఎక్కని వృథా ఇంకొకటుంది. అది ఫైలు తిరిగే కాలం.

ఒక హాస్టల్‌లో నీళ్ల ఫిల్టర్ చెడిపోయింది. ఆ ఫైలు మాకు తెలిసినవారు చూపించారు. వార్డెన్ లెటర్ మీద ఇంజనీరింగ్ విభాగం ఎస్టిమేట్ వేసింది. అకౌంట్స్ వాళ్లు "ఏ హెడ్ కింద?", అంటే ఏ ఖర్చు పద్దు కింద అని రాశారు. మెస్ ఫండా, మెయింటెనెన్స్ ఫండా తేలక ఫైలు మళ్లీ వార్డెన్‌కు వచ్చింది. ఆయన వివరణ రాసి పంపితే, పైఅధికారి ఒకే మాట రాశారు: "డిస్కస్". చర్చించాల్సిన అధికారి ఆ వారం లేరు. తర్వాతి వారం వార్డెనే మారారు. కొత్త వార్డెన్ కొత్త కొటేషన్లు పిలవాలన్నారు. ఈలోగా ఎండాకాలం వచ్చింది. పిల్లలు తలా ఇంత వేసుకొని బయటినుంచి నీళ్ల క్యాన్లు తెప్పించుకున్నారు. ఫిల్టర్ రిపేరుకు అడిగిన మొత్తం కంటే ఆ క్యాన్లకు పెట్టిందే ఎక్కువ. ఆ ఫైలులో డబ్బు తిన్నవాడు ఎవడూ లేడు. అందరూ నిబంధన ప్రకారమే రాశారు. మమ్మల్ని ఎక్కువ కలవరపెట్టింది అదే. ఫ్లోరైడ్ నీళ్లకు తరాలు బలైన ప్రాంతంలో, హాస్టల్ పిల్లల తాగునీటి కంటే హెడ్ ఆఫ్ అకౌంట్ ముఖ్యమైపోయింది.

డబ్బుల్లేవన్న మాటా వింటుంటాం. అందులో నిజముంది. ప్రభుత్వమిచ్చే బ్లాక్ గ్రాంట్ ఎక్కువగా జీతాలకే సరిపోతుంది. మిగతా అవసరాలకు పరీక్ష ఫీజులు, అఫిలియేషన్ ఫీజులు, సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సుల ఫీజులే దిక్కు. అంటే ఆ సోఫా అయినా, ఆ కారు అద్దె అయినా చివరకు పిల్లలు కట్టిన డబ్బే. వాళ్ల ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు సర్కారు దగ్గర ఆగితే కాలేజీలు సర్టిఫికెట్లు ఆపుతాయి, బంద్ పెడతాయి, పరీక్షలు వాయిదా పడతాయి. అటూ ఇటూ నలిగేది విద్యార్థే. అలాంటప్పుడు విశ్వవిద్యాలయం తన చేతిలోని ప్రతి రూపాయికీ జవాబు చెప్పాలి.

అందుకు కొత్త చట్టం అక్కర్లేదు. 2005 సమాచార హక్కు చట్టం సెక్షన్ 4 ప్రకారం బడ్జెట్, ఖర్చులు, ఉద్యోగుల జీతాల వివరాలు ఎవరూ అడగకుండానే ప్రజల ముందు పెట్టాలి. మన విశ్వవిద్యాలయాల వెబ్‌సైట్లలో సన్మానాల ఫొటోలు ఏ రోజువి ఆ రోజే వస్తాయి. పద్దులు కూడా అంతే శ్రద్ధగా రావాలి. పాలకమండలిలో విద్యాశాఖ, ఆర్థికశాఖ ఉన్నతాధికారులు సభ్యులు. ఆ సమావేశాలన్నీ క్యాంపస్‌లోనే జరగాలని మేం కోరుతున్నాం. ఆర్థికశాఖ అధికారి ఒక్కపూట గర్ల్స్ హాస్టల్ చూసి, ఆ నీళ్లు తాగి, అప్పుడు ఎజెండా కాగితాలు తెరవాలి. వీసీ, రిజిస్ట్రార్, కంట్రోలర్ రోజూ హైదరాబాద్ నుంచి అప్ అండ్ డౌన్ చేయకుండా పనిచేసే ఊళ్లోనే ఉండాలి. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. సాయంత్రం నాలుగింటికి కారు హైవే ఎక్కే చోట, నాలుగున్నరకు వచ్చిన విద్యార్థికి దిక్కెవరు?

ప్రభుత్వం చేయాల్సింది అంతకంటే పెద్దది. వీసీ పదవీకాలం ముగియడానికి ఆరు నెలల ముందే సెర్చ్ కమిటీ పని మొదలవ్వాలి. కాంట్రాక్టు అధ్యాపకుల అనుభవానికి ఎంత వెయిటేజీ ఇస్తారో తేల్చి నోటిఫికేషన్ ఇవ్వాలి. ఇంకో ఏడాది ఆగితే ఇంకో బ్యాచ్ రెగ్యులర్ ప్రొఫెసర్ పాఠం వినకుండానే పట్టా తీసుకొని పోతుంది.

విశ్వవిద్యాలయాల చేతిలోనే ఉన్న పని ఒకటుంది. ముద్రణలో తమవల్ల జరిగిన తప్పును దిద్దడానికి ఫీజు తీసుకోకూడదు. పదో తరగతి మెమో చూసి సరిపోల్చుకొని, రెండు సంతకాలతో అదే రోజు కొత్త మెమో ఇవ్వవచ్చు. ఏ గ్రాంటూ, ఏ జీఓ, ఎవరి అనుమతీ దీనికి అవసరం లేదు. కంట్రోలర్ ఒక సర్క్యులర్ మీద సంతకం పెడితే చాలు.

ఆ అమ్మాయికి వెరిఫికేషన్‌లో అండర్‌టేకింగ్ రాయించుకొని ఈ నెలాఖరు దాకా గడువిచ్చారు. ఆలోగా దిద్దిన మెమో ఆమె చేతికి అందాలి.