సవరణ: పిడుగుల వేళ టీవీ స్విచ్ ఆపితే సరిపోదు

మొన్న బెంగళూరు మారతహళ్ళి మన తెలుగువాళ్ళ గ్రూపులో, ఉరుములు మొదలవగానే టీవీ స్విచ్ ఆపేస్తే చాలని రాశాను. అది తప్పు, పొరపాటు నాదే. టీవీతో వచ్చిన పుస్తకం, విద్యుత్ భద్రతా సూచనలు రెండూ ప్లగ్ పీకెయ్యమనే చెబుతున్నాయి.

గోడమీది స్విచ్ మామూలుగా ఫేజ్ తీగను (కరెంటు వచ్చేది) మాత్రమే తెంపుతుంది. న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్ళేది), ఎర్త్ (నేలకు కలిపేది) తీగలు టీవీకి అలాగే కలిసి ఉంటాయి. పిడుగు దెబ్బ టీవీకి చేరే ఇంకో దారి డాబా మీది డిష్ నుంచి సెట్ టాప్ బాక్స్‌కు దిగే నల్ల వైరు. దగ్గర్లో ఎక్కడ పిడుగు పడ్డా దాని దెబ్బ ఈ తీగల వెంట లోపలికి రావచ్చు. బాక్స్ వెనక గుండ్రటి మరను వేళ్ళతో తిప్పితే ఆ వైరు ఊడి వస్తుంది. ఇంటర్నెట్ తీగ టీవీకి ఉంటే అదీ తీసేయండి. స్పైక్ బస్టర్ (కరెంటు ఒక్కసారిగా ఎగిసినప్పుడు అడ్డుకునే ప్లగ్గుల పట్టీ) ఉంది కదా అనుకోవద్దు, పిడుగుకు అది ఆగదు.

ముఖ్యమైనది: ఇవన్నీ మబ్బు పట్టగానే చెయ్యాలి. ఉరుములు వినపడ్డాక ప్లగ్గులు, వైర్లు ముట్టుకోకండి, పిల్లల్నీ ముట్టుకోనివ్వకండి. టీవీ పోతే పోనీ. ఏప్రిల్, మే సాయంత్రాల్లో బెంగళూరు వాన ఎలా విరుచుకుపడుతుందో తెలుసుగా, పాత పోస్టు ఎవరికైనా పంపి ఉంటే ఇదీ పంపండి.