మా అక్కకు కోపం రావడానికి కూడా పెద్దల అనుమతి కావాలా?

ప్రొద్దుటూరులో మా పెద్దమ్మ ఇంట జరిగిన పంచాయితీ నుండి నిన్న రాత్రి కడపకు తిరిగివచ్చాను, ఇంతవరకు కన్ను మూతపడలేదు. మా అక్క భర్త రెండేళ్లుగా మరొక స్త్రీతో సంబంధం పెట్టుకున్నట్లు తనే ఒప్పుకున్నాడు. ఒప్పుకున్న ఆ మనిషికి ఉగ్గాని పెట్టి, మొహం వాడిపోయిందని ఓదార్చిన పెద్దలు, ఏడుస్తున్న మా అక్కతో మాత్రం "మగోడన్నాక యాడో ఒకచోట కాలు జారతాడు పాపా, నువ్వే సంసారం నిలబెట్టుకోవల్ల" అన్నారు.

ఈ మాట అన్న మా చిన్నాయనే మూడేళ్ల కిందట, కోడలు ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతోందన్న అనుమానం ఒక్కటే ఆధారంగా, ఆమె చెప్పేది వినకుండానే తెల్లవారకముందే పుట్టింటికి పంపించాడు. ఆనాడు కొడుకు ఆ ఫోన్‌ను గోడకేసి పగలగొడితే, వానికి ఎంత బాధ కలిగిందోనని అందరూ కళ్లు తుడుచుకున్నారు. నిన్న మా అక్క చేతిలోని గ్లాసును నేలకేసి కొడితే, ఆడదానికి అంత కోపం పనికిరాదన్నారు. ఇల్లు అదే, మనుషులూ వాళ్లే.

పైగా బంధువులలో చదువుకున్న ఒకాయన, ఇది స్త్రీ పురుషుల ప్రకృతిలోనే ఉందని, అమెరికాలో పరిశోధన కూడా జరిగిందని చెప్పాడు. ఆయన చెబుతున్నది 1992లో అమెరికా మనస్తత్వవేత్త డేవిడ్ బస్ బృందం, తమ జోడీ మరొకరితో శారీరక సంబంధం పెట్టుకోవడం, మరొకరికి మనసివ్వడం అనే రెండింటిలో ఏది ఎక్కువ బాధిస్తుందో ఊహించుకోమని కాలేజీ విద్యార్థులను అడిగిన ప్రశ్నల గురించి. అందులో నూటికి 60 మంది మగపిల్లలు శారీరక సంబంధమే ఎక్కువ బాధిస్తుందన్నారు, అంటే మిగిలిన 40 మందికి మనసు మరొకరికి ఇవ్వడమే ఎక్కువ బాధ. భార్య ఓర్చుకోవాలని, భర్త తరిమేయవచ్చని ఆ పరిశోధనలో ఎక్కడా లేదు.

మన చట్టమూ ఎంతోకాలం మా చిన్నాయనలాగే మాట్లాడింది. 1860 నాటి శిక్షాస్మృతిలోని 497వ సెక్షన్ ప్రకారం భార్యతో సంబంధం పెట్టుకున్న పరాయి మగవాడిపై భర్త కేసు పెట్టవచ్చు, కానీ భర్త ఎన్ని ఇళ్లు తిరిగినా భార్యకు ఆ సెక్షన్ కింద ఫిర్యాదు చేసే హక్కే లేదు. భర్త సమ్మతిస్తే అది నేరమే కాదట! పెళ్లాం అంటే పొలమా, గట్టు దాటినవాడి మీద యజమాని తగవు పెట్టుకోవడానికి? 2018 సెప్టెంబర్ 27న సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది.

మా జేజి గుర్తొస్తోంది. తాత జమ్మలమడుగులో రెండో కాపురం పెట్టినా ఆమె నోరెత్తలేదని, ఆమెది ఎంత సహనమోనని నిన్న కూడా పొగిడారు. "కోపం నాకూ వచ్చింది పాపా, యాడికి పోయి బతకల్లో తెలీక మింగినా" అని ఆమె నాతో చెప్పింది. అది సహనం కాదు.

1955 హిందూ వివాహ చట్టం ఈ కారణంతో విడాకులు కోరే హక్కును భార్యాభర్తలిద్దరికీ ఇచ్చింది. నిన్న నాలుగు గంటల పంచాయితీలో ఆ సంగతి ఒక్కరూ ఎత్తలేదు. అక్క ఉండాలనుకుంటే ఉంటుంది, వద్దనుకుంటే వకీలు దగ్గరికి నేనే తీసుకుపోతాను. ప్రస్తుతం మా ఇంట్లోనే నిద్రపోతోంది, చిన్నాయన నాకు ఫోన్ చేస్తూనే ఉన్నాడు, ఆమె తనంతట తాను లేచేవరకు నేను ఎత్తను.