సవరణ: పొదుగువాపు టీకా గురించి

మొన్న ఆదివారం పెట్టిన పోస్టులో “పొదుగువాపుకు టీకా వచ్చింది, ఒక్కసారి వేయిస్తే ఆవుకు ఇక ఆ రోగం రాదు” అని రాశాను. అది తప్పు. తొందరపడి రాశాను. దేవరకొండ వైపు పనిచేసే ఒక పశువైద్యుడు ఫోన్ చేసి సరిదిద్దారు. తర్వాత ఆ టీకా వాడకం వివరాలు నేనూ చదివాను.

యూరప్‌లో 2009లో అనుమతి పొందిన స్టార్ట్‌వాక్ అనే టీకా ఉన్నమాట నిజమే. కానీ అది ఈ.కోలి, స్టెఫైలోకాకస్ ఆరియస్ వంటి కొన్ని బాక్టీరియా కోసమే. రోగాన్ని, దాని తీవ్రతను తగ్గిస్తుంది తప్ప పూర్తిగా ఆపదు. డోసు కూడా ఒకటి కాదు, మూడు: ఈనడానికి 45 రోజుల ముందు, మళ్లీ 10 రోజుల ముందు, ఈనిన 52 రోజులకు.

అసలు చిక్కు పొదుగులోనే ఉంది. రోగం తెచ్చే సూక్ష్మజీవులు ఒకటి రెండు రకాలు కావు. వాటితో పోరాడాల్సిన తెల్లకణాలేమో పాలలోని కొవ్వును, ప్రొటీన్ అయిన కేసిన్‌ను మింగి నీరసపడతాయి. ఆరియస్ అయితే ఏకంగా పశువు కణాల లోపలే దాక్కుంటుంది. అందుకే ఇన్నేళ్లుగా పరిశోధన సాగుతున్నా గట్టి టీకా చేతికి రాలేదు.

నా పోస్టు చూసి మిర్యాలగూడ నుంచి ఒకాయన “మొన్న క్యాంపులో గాలికుంటు టీకా వేశారు, సరిపోతుందా అన్నా?” అని అడిగారు. సరిపోదు, అది వేరే రోగానికి. పాలు పిండాక చనుమొనలను అయోడిన్ మందులో ముంచండి. అరగంటసేపు పశువు పడుకోకుండా దాని ముందు మేత వేయండి. మా అమ్మ ఏ టీకా పేరూ వినకుండానే ఈ మేత పని చేసేది.