ప్రైవేట్ అంటే కిరాయి మనిషి కాదు, సిపాయి అంటే చిన్నమాట కాదు

కొన్నాళ్ళుగా ఒక పోస్టు తెగ తిరుగుతోంది. నాకే ఇప్పటికి నలుగురు పంపారు, నలుగురూ మంచి ఉద్దేశంతోనే పంపారు. అందులో ఉన్నది క్లుప్తంగా ఇది: "ప్రపంచంలో ఏ సైన్యంలో అయినా అట్టడుగు ర్యాంకు ప్రైవేట్. పూర్వం రాజులు, ధనవంతులు సొంత డబ్బుతో ప్రైవేటుగా పెట్టుకున్న మనుషులు కాబట్టి ఆ పేరు వచ్చింది. దాన్నే బ్రిటిష్‌వాళ్ళు మన దగ్గర సిపాయి అన్నారు. ఈ ర్యాంకువాడికి ఏ అధికారమూ ఉండదు, చెప్పింది చేయడమే, ఏం చేసినా బాధ్యత పైవాడిదే. చదువు అబ్బనివాళ్ళే ఇందులో చేరతారు. పైకి రాలేరు. పతకాలన్నీ ఆఫీసర్లకే." ఇందులో ఒకటీ అరా నిజం ముక్కలు ఉన్నాయి, అవి ఏవో కూడా చెబుతాను. కానీ మొత్తంగా చదివితే సైన్యంలో అందరికంటే ఎక్కువ సంఖ్యలో ఉండే మనుషుల్ని ఏమీ కానివాళ్ళుగా చూపించే రాత ఇది, అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు రాస్తున్నాను.

"ప్రైవేటుగా డబ్బిచ్చి పెట్టుకున్న మనుషులు కాబట్టి ప్రైవేట్."

కాదు. మనకు ప్రైవేటు అనగానే ప్రైవేటు స్కూలు, ప్రైవేటు బస్సు గుర్తొస్తాయి, అంటే సర్కారుది కానిది, ఎవరో సొంత డబ్బు పెట్టి నడిపేది. ఆ అర్థాన్ని పట్టుకెళ్ళి ర్యాంకుకు అతికిస్తే కిరాయి సైనికుడి కథ దానంతట అదే పుట్టేస్తుంది. అసలు ఈ మాటకు మూలం లాటిన్‌లోని ప్రివాటుస్, ఏ పదవీ లేని మామూలు మనిషి అని. ఇంగ్లీషులో ప్రైవేట్ సోల్జర్ అనే వాడుక 16వ శతాబ్దంలో మొదలైంది, సార్జెంటూ కెప్టెనూ లాంటి పదవి ఏదీ లేకుండా దళంలో ఒకడిగా నిలబడేవాడు అని చెప్పడానికి. అక్కడ డబ్బు ప్రసక్తే లేదు. డబ్బు ఉన్న మాట వేరే ఉంది, అది సోల్జర్. రోమన్ల సోలిడస్ అనే బంగారు నాణెం నుంచి, జీతం అనే అర్థం మీదుగా వచ్చింది. జీతం తీసుకునేవాడు అనే అర్థం వెతకాలంటే ఆ మాటలో వెతకాలి, అది జనరల్‌కి కూడా వర్తిస్తుంది.

"ఏ సైన్యంలో అయినా అట్టడుగు ర్యాంకు ప్రైవేట్."

ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే పోస్టు రాసినవాళ్ళు ఒక్క వాక్యంలో తుడిచేసిన చోటే అసలు విషయం ఉంది. ప్రైవేట్ అనేది ఇంగ్లీషు మాట్లాడే దేశాల సైన్యాల మాట. ఆ బ్రిటిష్ సైన్యంలోనే అందరూ ప్రైవేట్లు కారు. ఫిరంగి దళంలో చేరినవాడు గన్నర్, ఇంజనీర్ల దళంలో శాపర్, అశ్విక దళ సంప్రదాయం ఉన్న రెజిమెంట్లలో ట్రూపర్, రైఫిల్ రెజిమెంట్లలో రైఫిల్‌మ్యాన్, మరమ్మతుల దళంలో క్రాఫ్ట్స్‌మ్యాన్. రాజుగారి కాపలా పదాతి దళాలైన ఫుట్ గార్డ్స్ సైనికులు గార్డ్స్‌మ్యాన్ అవుతారు, మొదటి ప్రపంచ యుద్ధంలో వాళ్ళ సేవలకు గుర్తింపుగా 1918లో అయిదో జార్జి రాజు ప్రైవేట్ తీసేసి ఆ పేరు ఇచ్చాడు. జీతం లెక్కలో వీళ్ళందరిదీ ఒకటే మెట్టు. పేరు మాత్రం చేసే పనిది. శాపర్ అంటే శత్రువు కోట గోడ దాకా కందకం తవ్వుకుంటూ పోయేవాడు, గ్రెనేడియర్ అంటే ఒకప్పుడు చేత్తో గ్రెనేడు విసిరేవాడు, ఫ్యూజిలియర్ అంటే ఫ్యూజిల్ అనే తుపాకీ పట్టినవాడు. ఆ పనుల్లో చాలా భాగం మారిపోయాయి, పేర్లు మాత్రం మనుషులు పోగొట్టుకోవడానికి ఇష్టపడక అలాగే నిలబెట్టుకున్నారు.

భారత సైన్యంలోనూ ఇదే పద్ధతి. చాలా పదాతి రెజిమెంట్లలో సిపాయి, కవచ దళంలో సవార్, ఫిరంగుల దగ్గర గన్నర్, ఇంజనీర్లలో శాపర్, సిగ్నల్స్‌లో సిగ్నల్‌మ్యాన్, గూర్ఖా, గఢ్వాల్ రైఫిల్స్ లాంటి వాటిలో రైఫిల్‌మ్యాన్, గ్రెనేడియర్స్‌లో గ్రెనేడియర్, పారాచూట్ రెజిమెంట్‌లో పారాట్రూపర్. సవార్ అంటే గుర్రం ఎక్కినవాడు, ఇప్పుడు ఎక్కేది ట్యాంకు అయినా సరే. పైగా 2022లో అగ్నిపథ్ వచ్చాక కొత్తగా చేరేవాళ్ళు మొదట నాలుగేళ్ళపాటు అగ్నివీర్లు, అది ఉన్న ర్యాంకులన్నిటికీ విడిగా పెట్టిన ర్యాంకు. కాబట్టి మన దగ్గర మొదటి మెట్టు సిపాయి అన్న మాట కూడా ఇప్పుడు పూర్తిగా సరైంది కాదు.

ఇక మిగతా దేశాలు చూడండి. రష్యన్‌లో రియాదవోయ్, అంటే వరుసలోనివాడు. హీబ్రూలో తురాయ్, మళ్ళీ వరుసలోనివాడే. చైనా సైన్యంలో లియెబింగ్, అందులోని లియె కూడా వరుసే. ఒకదానికొకటి చుట్టరికం లేని మూడు భాషలు ఈ మనిషిని భుజానికి భుజం కలిపి నిలబడేవాడిగానే చూశాయి, నాకు ఇది చాలా ఇష్టమైన సంగతి. ఫ్రెంచివాళ్ళు రెండో తరగతి సైనికుడు అంటారు, కొరియాలో, వియత్నాంలో కూడా మాట వేరైనా భావం అదే. టర్కీలో ఎర్, దానికి మగవాడు అనే అర్థం ఉంది. జర్మన్ సైన్యంలో కూడా దళాన్ని బట్టి షూట్సే, యేగర్, కనోనియర్, పియోనియర్. యేగర్ అంటే వేటగాడు. వీటన్నిటినీ ప్రైవేట్ అనే ఒక్క గాటన కట్టేయడం అనువాదకుల సౌకర్యం కోసం, నాటో కూడా లెక్కలకు వీలుగా ఉండాలని ఆఫీసర్లు కాని ర్యాంకులకు ఓఆర్-1, ఓఆర్-2 అని అంకెలు పెట్టుకుంది. అంకె కలిసింది కదా అని పేరు కలిసినట్టు కాదు.

"సిపాయి బ్రిటిష్‌వాళ్ళు పెట్టిన పేరు."

ఇది సగం నిజం. తమ సైన్యంలో భారతీయ పదాతి సైనికుడికి అధికారిక హోదాగా దాన్ని స్థిరపరిచింది ఈస్టిండియా కంపెనీ, ఆ తర్వాతి బ్రిటిష్ ప్రభుత్వం. మాట మాత్రం వాళ్ళది కాదు. పారసీలో సిపాహ్ అంటే సైన్యం, సిపాహీ అంటే సైనికుడు. అదే మాట ఆటోమన్ టర్కులలో సిపాహీ అయింది, అక్కడ వాళ్ళు భూమి ఆదాయం మీద హక్కు పొంది దానికి బదులుగా గుర్రంతో యుద్ధానికి వచ్చే అశ్వికులు, కింది మెట్టు అనే ప్రశ్నే లేదు. ఫ్రెంచివాళ్ళ ఉత్తర ఆఫ్రికా అశ్విక దళం స్పాహీలూ ఆ మాట నుంచే. జవాను అనేదాన్ని కూడా కొందరు ర్యాంకు అనుకుంటారు, అది ర్యాంకు కాదు, యువకుడు అనే పారసీ మాట, ప్రేమగా పిలిచే పిలుపు.

"అధికారం ఉండదు, బాధ్యత పైవాడిదే."

మొదట అధికారం. ఇంకొకరికి ఆజ్ఞ ఇచ్చే హోదా ఉండదు, ఆ మేరకు పోస్టు సరిగ్గానే చెప్పింది. కానీ రాత్రి గేటు దగ్గర కాపలాకు నిలబెట్టిన సైనికుడిని ఊహించుకోండి. చేతిలో తుపాకీ, ఎదురుగా చీకట్లో ఎవరో వస్తున్న చప్పుడు. ఆగు, ఎవరది అని అతను అరిస్తే వచ్చేది కల్నల్ అయినా ఆగాల్సిందే, తానెవరో చెప్పాల్సిందే. అమెరికన్ సైన్యంలో కాపలాదారుకు నేర్పే మొదటి నియమమే, నా హద్దులో ఉన్న ప్రతిదాన్నీ కాపాడతాను, నియమం ప్రకారం నన్ను విడిపించేవరకు ఈ చోటు వదలను అని. ఆ కొన్ని గంటలు ఆ చోటు అతనిది.

బాధ్యత సంగతికి వస్తే, ఈ పోస్టులో అన్నిటికంటే ప్రమాదకరమైన అబద్ధం ఇదే. పైవాడు చెప్పాడు కాబట్టి చేశాను అంటే తప్పించుకోలేరని 1945లో నాజీ నాయకుల్ని విచారించిన న్యూరెంబర్గ్ న్యాయస్థానం చార్టర్ 8వ అధికరణంలోనే రాశారు, మహా అయితే శిక్ష తగ్గించడానికి ఆ మాట పరిశీలిస్తారు, అంతే. జర్మనీ సైనికుల చట్టం ఇంకా ముందుకు వెళ్ళింది, నేరం అయ్యే ఆజ్ఞను పాటించకూడదు అని సూటిగా చెబుతుంది. భారత ఆర్మీ చట్టం 1950, 41వ సెక్షన్ కూడా చట్టబద్ధమైన ఆజ్ఞను ధిక్కరిస్తేనే నేరం అంటుంది, ఆ "చట్టబద్ధమైన" అనే మాటను చట్టం రాసినవాళ్ళు ఊరికే పెట్టలేదు.

కాగితం మీది మాట అనుకుంటారేమో. 1930 ఏప్రిల్ 23న పెషావర్‌లో నిరాయుధంగా ఉన్న ఖుదాయీ ఖిద్మత్‌గార్ల (ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్ అహింసా ఉద్యమకారుల) మీద కాల్చమని ఆజ్ఞ వస్తే రాయల్ గఢ్వాల్ రైఫిల్స్ సైనికులు కాల్చలేదు. ముందు నిలిచింది హవల్దార్ చంద్రసింగ్ గఢ్వాలీ, ఆయనతో పాటు నిలబడినవాళ్ళలో ఎక్కువమంది మామూలు రైఫిల్‌మ్యాన్లు. కోర్టు మార్షల్ జరుగుతుందని తెలుసు, జరిగింది, జైలుకు వెళ్ళారు. 1968 మార్చి 16న వియత్నాంలోని మై లాయ్‌లో అమెరికన్ సైనికులు ఊరివాళ్ళను చంపుతున్నప్పుడు కూడా, ఆజ్ఞ వచ్చినా తుపాకీ ఎత్తని కింది స్థాయి సైనికులు ఉన్నారు. ఎత్తినవాళ్ళూ ఉన్నారు, ఎత్తనివాళ్ళూ ఉన్నారు, ఒకే ర్యాంకువాళ్ళే. నిర్ణయం వాళ్ళ చేతుల్లోనూ ఉందని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

"చదువు అబ్బనివాళ్ళే చేరతారు."

నిర్బంధ సైనిక సేవ ఉన్న దేశాల్లో డాక్టరు కాబోయేవాడూ, ఇంజనీరు కాబోయేవాడూ, పొలం దున్నేవాడూ ఒకే బ్యారక్‌లో ఒకే ర్యాంకులో మొదలవుతారు. ఫిన్‌లాండ్‌లో కాబోయే ఆఫీసర్లు కూడా ముందు మామూలు సైనికుడిగా చేరినవాళ్ళే. తత్వవేత్త లుడ్విగ్ విట్‌గెన్‌స్టైన్ మహా సంపన్నుల కుటుంబంలో పుట్టి, కేంబ్రిడ్జ్‌లో చదివి, 1914లో ఆస్ట్రియా సైన్యంలో మామూలు సైనికుడిగా స్వచ్ఛందంగా చేరాడు. లారెన్స్ ఆఫ్ అరేబియాగా పేరుపడ్డ టి. ఇ. లారెన్స్ అయితే మొదటి ప్రపంచ యుద్ధంలో కల్నల్ దాకా వెళ్ళి, 1922లో పేరు మార్చుకుని బ్రిటిష్ వైమానిక దళంలో అడుగు ర్యాంకులో చేరాడు, తానెవరో బయటపడి తీసేస్తే 1923లో ట్యాంక్ కోర్‌లో ప్రైవేట్‌గా చేరాడు. చదువుకోనివాళ్ళు చేరిన మాట నిజమే, చాలా దేశాల్లో పేదరికం చేర్పించిన మాటా నిజమే, కానీ అది ఎగతాళి చేయాల్సిన విషయం కాదు.

"పైకి రాలేరు."

విలియం రాబర్ట్‌సన్ అని ఒకాయన ఇళ్ళలో పనివాడిగా చేసి, 1877లో 16వ లాన్సర్స్ అనే బ్రిటిష్ అశ్విక రెజిమెంట్‌లో మామూలు సైనికుడిగా చేరాడు. అది తెలిసి తల్లి, ఎర్ర కోటులో చూడటం కంటే నిన్ను పూడ్చిపెట్టడమే నయం అని ఉత్తరం రాసింది. ఆ రోజుల్లో సైనికుడంటే జనానికి ఉన్న చులకన అంత. ఆయన 1920లో ఫీల్డ్ మార్షల్ అయ్యాడు, బ్రిటిష్ సైన్యంలో అట్టడుగు నుంచి ఆ చివరి మెట్టు దాకా ఎక్కింది ఆయనొక్కడే. సోవియట్ మార్షల్ జూకోవ్ 1915లో జారు సైన్యంలోకి పిలిపించబడ్డ మామూలు అశ్విక సైనికుడు. అమెరికాలో జాన్ షాలికాష్‌విలి 1958లో ప్రైవేట్‌గా మొదలై 1993లో త్రివిధ దళాల ఉమ్మడి అధిపతుల కమిటీకి చైర్మన్ అయ్యాడు. ఫ్రాన్స్‌లో బెర్నడోట్ 1780లో మామూలు సైనికుడిగా చేరాడు. మరుసటి ఏడాదే, ఆఫీసర్ కావాలంటే నాలుగు తరాల కులీన వంశం చూపించాలని ఉత్తర్వు వచ్చింది, అంటే తలుపు నిజంగానే మూసేశారు. ఫ్రెంచి విప్లవం ఆ తలుపు పగలగొట్టాకే ఆయన ఆఫీసర్ కాగలిగాడు, చివరికి 1818లో స్వీడన్ రాజయ్యాడు, ఆ వంశమే ఇప్పటికీ అక్కడ సింహాసనం మీద ఉంది. వీళ్ళు వేలల్లో ఒకరు, ఒప్పుకుంటాను, నిచ్చెన ఇరుకుదే. ఇరుకుగా ఉన్నది నిచ్చెన, ఎక్కేవాళ్ళలో లోపం వెతకడం అన్యాయం.

"పతకాలన్నీ ఆఫీసర్లకే."

1856లో పెట్టిన, బ్రిటిష్ సైన్యంలో అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ మొదటి రోజు నుంచే అన్ని ర్యాంకులకూ ఇవ్వదగినది. అది అందుకున్న మొదటి భారత సైనికుడు ఖుదాదాద్ ఖాన్, 1914 అక్టోబర్ 31న బెల్జియంలో గాయపడి కూడా మెషీన్‌గన్ వదలనివాడు, ర్యాంకు సిపాయి. కార్గిల్ యుద్ధంలో ఇచ్చిన నాలుగు పరమవీర చక్రల్లో రెండు ఈ మెట్టు మీదివాళ్ళవే. గ్రెనేడియర్ యోగేంద్ర సింగ్ యాదవ్‌కి అప్పుడు 19 ఏళ్ళు. రైఫిల్‌మ్యాన్ సంజయ్ కుమార్ 1999 జూలై 4న ఒంట్లో తూటాలు దిగి ఉండగానే బంకర్ మీదికి దూకి, శత్రువు వదిలేసి పారిపోయిన మెషీన్‌గన్నే ఎత్తి వాళ్ళ మీదికి తిప్పాడు. రెండు ప్రపంచ యుద్ధాల కామన్‌వెల్త్ శ్మశానవాటికల్లో జనరల్‌కీ, ప్రైవేట్‌కీ ఒకటే కొలత రాయి, సుమారు 81 సెంటీమీటర్ల ఎత్తు, 38 వెడల్పు. ఆ పని చూసే కమిషన్ 1917లో ఏర్పడింది, ర్యాంకును బట్టి తేడా చూపకూడదని మొదట్లోనే నిర్ణయించుకుంది.

చివరగా ఒక విన్నపం, ముఖ్యంగా వార్తలు అనువాదం చేసేవాళ్ళకు. ఇంగ్లీషులో ప్రైవేట్ అని కనిపించగానే "ప్రైవేటు సైనికుడు" అని రాసేస్తున్నారు, చదివేవాళ్ళు కిరాయి సైనికుడనే అనుకుంటారు, ఈ పోస్టు లాంటివి అక్కడి నుంచే మొలుస్తాయి. సిపాయి స్థాయి సైనికుడు అనండి, లేదా మామూలు సైనికుడు అన్నా చాలు. హిట్లర్‌ని కార్పొరల్ అని రాయడం కూడా ఈ కోవదే. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయన ర్యాంకు గెఫ్రైటర్, అట్టడుగు మెట్టుకు ఒక్క మెట్టు పైన, ఎవరికీ ఆజ్ఞ ఇచ్చే అధికారం లేనిది, ఆ మాటకు అసలు అర్థం కాపలా డ్యూటీ నుంచి మినహాయింపు పొందినవాడు అని.