మిగతా ప్రపంచానికి ఒక పేరా

2026 జూన్‌లో, జర్మనీలోని కొలోన్‌లో కౌంటర్-స్ట్రైక్ మేజర్. అంటే, ఐదుగురేసి జట్లుగా ఆడే తుపాకుల వీడియో గేమ్‌లో అన్నిటికంటే పెద్ద టోర్నీ. 2016 తర్వాత ఆ ఊరికి మేజర్ మళ్ళీ వస్తోంది. ముప్పై రెండు జట్లు, మూడు వారాల పోరు, చివర్న లాంక్సెస్ అరీనాలో ఒక కప్పు. ఇంతటి కార్యానికి ముందు జరగవలసిన క్రతువు ఒకటుంది. దాని పేరు ప్రివ్యూ. అందులోనూ శాస్త్రోక్తమైనది ప్రాంతాలవారీ ప్రివ్యూ. రాసే మహానుభావుడు భూగోళాన్ని ముందుగా మూడు ముక్కలు కోస్తాడు: యూరప్, అమెరికాలు, ఆసియా. కోసింది ఆయనే కాబట్టి వడ్డించేదీ ఆయనే.

యూరప్‌కు పదిహేను పేరాలు. ఎవరి మౌస్ సెన్సిటివిటీ ఎంత, ఏ కోచ్‌కూ ఏ కెప్టెన్‌కూ పడటం లేదు, ఫలానా కుర్రాడు మిరాజ్ అనే మ్యాపులో (అంటే ఆట జరిగే రంగస్థలంలో) కనెక్టర్ అనే దారిని ఎందుకు వదిలేశాడు, దానివల్ల అతని మనసుకు తగిలిన గాయం ఎంత లోతు, అన్నీ ఉంటాయి. అమెరికాలకు ఐదు, అందులో మూడు పాత జ్ఞాపకాలు. ఆసియాకు ఒకటి. ఒక్క పేరా. అది కూడా ‘ఇవి కూడా చదవండి’ అనే డబ్బాకు కాస్త పైన, చెప్పులు విడిచే చోట.

ఆ పేరా మీకు ఈపాటికి కంఠతా వచ్చేసి ఉంటుంది. కుర్రాళ్ళలో దూకుడుంది. ఎయిమ్, అంటే గురి, బ్రహ్మాండం. క్రమశిక్షణ మాత్రం తక్కువ. పెద్ద వేదికల మీద అనుభవం లేదు. పోయేదేమీ లేదు కాబట్టి ఎవరికైనా షాక్ ఇవ్వచ్చు. అయిపోయింది. జట్టు పేరు మారుతుంది, పేరా మారదు. 2022లో మంగోలియా నుంచి ఐహెచ్‌సీ వచ్చినప్పుడూ ఇదే, చైనా నుంచి లిన్ విజన్ వచ్చినప్పుడూ ఇదే. రేపు అంగారకుడి మీంచి ఐదుగురు దిగినా వాళ్ళ ఎయిమ్ బ్రహ్మాండంగానే ఉంటుంది, అనుభవమే ఉండదు.

ఇంతకీ ఈ ఖండాలు ఏ అట్లాసులోవో కనుక్కుందామని కూర్చుంటే బుర్ర తిరుగుతుంది. ఐదుగురిలో ఎక్కువమంది ఎక్కడివాళ్ళయితే జట్టు అక్కడిది అన్నది నిబంధన. బానే ఉంది. రష్యా జట్టు టీమ్ స్పిరిట్‌లో డాంక్ అనే పిల్లవాడున్నాడు. 2024 డిసెంబరులో షాంఘై మేజర్ గెలిచినప్పుడు అతనికి పదిహేడేళ్ళు, ఆ టోర్నీ మొత్తానికీ మేటి ఆటగాడు అతనే. పుట్టింది టామ్స్క్‌లో. టామ్స్క్ ఎక్కడుందంటారా? సైబీరియాలో. మ్యాపు తీసి స్కేలు పెట్టి చూడండి, మన విశాఖపట్నం కంటే తూర్పున ఉంటుంది. అది యూరప్. సిడ్నీ నుంచి వచ్చే ఆస్ట్రేలియా కుర్రాళ్ళు ఆసియా. ఇజ్రాయెల్ కుర్రాళ్ళు యూరప్. ఫాల్కన్స్ సొంతదారులు సౌదీలో ఉంటారు, జట్టు మాత్రం యూరప్. బ్రెజిల్ వారి ఫ్యూరియాలో ఏడబ్ల్యూపీ అనే స్నైపర్ తుపాకీ పట్టేది కజకిస్తాన్ అబ్బాయి, కాబట్టి ఆయన అమెరికాల ఆశాకిరణం. మౌజ్ అచ్చంగా జర్మన్ సంస్థ. నిరుడు ఆస్టిన్ మేజర్‌లో సెమీస్ ఆడిన ఆ జట్టులో జర్మన్ అన్నవాడు ఒక్కడూ లేడు. రేపు కొలోన్‌లో పదిహేను వేలమంది లేచి ‘మన జట్టు’ అని గొంతు చించుకునేది దానికోసమే.

ఇక ఈ గందరగోళం మీద సిద్ధాంతం కడతారు. యూరప్ అంటే వ్యూహం. బ్రెజిల్ అంటే గుండె. ఉత్తర అమెరికా అంటే ‘ఈసారి తప్పదు’. ఆసియా అంటే దూకుడు. ఒక ప్రాంతంలో పుట్టినవాడు స్మోక్ గ్రెనేడు ఒక రకంగా వేస్తాడట, ఇంకో ప్రాంతంలో పుట్టినవాడు ఇంకో రకంగా వేస్తాడట. ఈ విద్య మనకు కొత్త కాదు. దీన్ని మన గోదావరి జిల్లాల్లో కుక్కుట శాస్త్రం అంటారు. పుంజు రంగు చూసి, రోజు చూసి, దిక్కు చూసి, బరిలో దించకముందే గెలుపోటములు చెప్పే మహాశాస్త్రం. భోగినాడు నెమలి పుంజు, కనుమనాడు డేగ పుంజు, ఏ వారం ఏ దిక్కున పందెం కట్టాలి, అన్నీ రాసిపెట్టి ఉంటాయి. కోర్టులు వద్దంటాయి, పోలీసులు ప్రతి సంక్రాంతికీ హెచ్చరిస్తారు, శాస్త్రం మాత్రం వర్ధిల్లుతూనే ఉంటుంది.

కాబట్టి నా విన్నపం ఒక్కటే. కొలోన్‌లో విశ్లేషకుల బల్ల దగ్గర ఆ సూట్లవాళ్ళ మధ్య ఒక కుర్చీ ఖాళీ చేసి భీమవరం నుంచి ఒక పెద్దాయన్ని కూర్చోబెట్టాలి. తెల్ల పంచె, భుజాన కండువా, చేతిలో అట్ట ఊడిన పుస్తకం. ఆయన ముందు స్టూడియో వాకిలి ఏ దిక్కుకుందో అడుగుతాడు. ఎవరికీ తెలియదు. సరే, నేనే చూసుకుంటాలే అని లేచి బయటికెళ్ళి వస్తాడు. ‘ఫైనల్ ఎప్పుడన్నారు? ఇరవై ఒకటా? ఆదివారం. అయితే ఉత్తరం.’ పక్కనున్న డెన్మార్క్ విశ్లేషకుడు తన ల్యాప్‌టాప్‌లో ఉత్తరం కోసం వెతుకుతాడు. ‘మొన్న బుడాపెస్ట్‌లో గెలిచినవాళ్ళ చొక్కాలేం రంగు?’ ఫ్రాన్స్‌వాళ్ళ వైటాలిటీ అండీ, పసుపూ నలుపూ. ‘నెమలి జాతి. రెండు మేజర్లు వరసగా కొట్టిందంటే కొట్టదూ మరి! ఆ నల్ల చొక్కాల బ్రెజిల్‌వాళ్ళు?’ ఫ్యూరియా అండీ. ‘కాకి. పొద్దెక్కాక దించొద్దని చెప్పండి.’ డెన్మార్క్ జట్టు ఆస్ట్రాలిస్ ఎర్ర చొక్కా చూసి ఆయన కాసేపు మౌనంగా ఉండిపోతాడు. ‘మంచి డేగే. నాలుగు మేజర్లు కొట్టిందన్నారు కదూ, 2017 నుంచి 2019 లోపల. ముసలైపోయింది పాపం. కూరకి పనికొస్తుంది.’ అని పేజీ తిప్పుతాడు. యాంకరమ్మ గౌరవంగా అడుగుతుంది: అయ్యా, ఆసియా సంగతేమిటి? ఆయన కళ్ళజోడు సవరించుకుని, ‘ఆ పుంజును చూపించండి ముందు, చూడకుండా ఎలా చెప్పమంటావమ్మా?’ అంటాడు.

అదీ తేడా. భీమవరం పెద్దాయన పుంజును చేతుల్లోకి తీసుకుని, ముక్కు చూసి, కాలు చూసి, మెడ నిమిరి అప్పుడు చెబుతాడు. ఈ ప్రివ్యూ పండితుడు మ్యాచ్ కూడా చూడడు. ఆసియా క్వాలిఫయర్లు ఆయనకు తెల్లవారుజామున వస్తాయి, పాపం నిద్ర చెడుతుంది.

అమెరికాల గురించి రెండు ముక్కలు చాలు. ఉత్తర అమెరికా చివరిసారి మేజర్ గెలిచింది 2018 జనవరిలో, బోస్టన్‌లో. క్లౌడ్9 జట్టు ఫేజ్ జట్టు మీద మూడో మ్యాపు ఇన్‌ఫెర్నోలో, రెండు ఓవర్‌టైమ్‌ల తర్వాత 22-19తో గెలిచింది. గొప్ప మ్యాచ్, కాదనను. అది మొదటిది, ఇప్పటికీ అదే చివరిది. నిరుడు సొంత గడ్డ మీద ఆస్టిన్‌లో మేజర్ పెట్టుకుంటే చివరి ఎనిమిదిలో ఉత్తర అమెరికా జట్టు ఒక్కటీ లేదు. అయినా ప్రతి ప్రివ్యూలో బోస్టన్‌కు ఒక పేరా ఉంటుంది. ఎనిమిదేళ్ళనాటి ఒక రాత్రికీ, ఈనాటి ఆసియా ఖండం మొత్తానికీ చెరి ఒక పేరా.

ఆ ఆస్టిన్‌లోనే ఫైనల్ ఆడిందెవరో గుర్తుందా? మంగోలియా జట్టు ది మంగోల్జ్. సెమీస్‌లో బ్రెజిల్ జట్టు పెయిన్‌ను ఇంటికి పంపి, ఫైనల్లో వైటాలిటీకి చుక్కలు చూపించి 2-1తో ఓడింది. రెండు నెలలు తిరిగేసరికి రియాద్‌లో ఈస్పోర్ట్స్ వరల్డ్ కప్ కొట్టింది. మంగోలియా జనాభా మహా అయితే ముప్పై ఐదు లక్షలు, హైదరాబాద్ జనంలో సగం కూడా కాదు. అదే వేసవిలో చైనా జట్టు టైలూ బెల్‌గ్రేడ్ వెళ్ళి, యూరప్ నడిబొడ్డున యూరప్ జట్లను కొట్టి కప్పు పట్టుకొచ్చింది. మరి మంగోల్జ్ షాంఘైలోనూ చివరి ఎనిమిదికి వెళ్ళింది కదా, ఇంకెప్పుడొస్తుందయ్యా అనుభవం? అదేం ఆర్టీసీ డ్రైవరు ఉద్యోగమా, హెవీ లైసెన్సు వచ్చి ఇన్నేళ్ళు నిండాలనడానికి? వీళ్ళు గెలిస్తే షాక్, యూరప్ గెలిస్తే ఫలితం.

మన దేశానికి ఆ ఒక్క పేరాలోనూ చోటు లేదు. న్యాయమే. నూట నలభై కోట్లమందిమి, ఒక్క మేజర్‌కూ ఒక్క జట్టును పంపలేదు. మన ఇళ్ళల్లో తుపాకీ కనిపించే ఆట ఏదైనా ‘ఆ పబ్జీ’యే. 2024లో ఆ పబ్జీకే మన దేశపు రూపమైన బీజీఎంఐ వారి జాతీయ ఫైనల్స్ హైదరాబాద్ హైటెక్స్‌లో జరిగితే కుర్రకారు ఊగిపోయారు. వాళ్ళ నాన్నల్లో సగంమందికి అక్కడ ఏం జరిగిందో ఇవాళ్టికీ తెలియదు. కౌంటర్-స్ట్రైక్‌లో ప్రపంచం మనల్ని గుర్తుపెట్టుకున్నది ఒక్కసారే, 2018లో, షాంఘైలో. ఆప్టిక్ ఇండియా అనే మన జట్టు ఆటగాడి మీద అనుమానం వచ్చి నిర్వాహకుడు వచ్చి కంప్యూటర్ చూస్తానన్నాడు. మనవాడు మౌస్ వదలడు. ఆయన తెరవబోతుంటే ఈయన మూసేస్తాడు, ఆయన వెతుకుతుంటే ఈయన డిలీట్ నొక్కబోతాడు. లక్షలమంది చూసిన ఆ పెనుగులాట చివర బయటపడ్డ చీటింగ్ ఫైలు పేరు వర్డ్.ఈఎక్స్ఈ. తుపాకుల ఆట మధ్యలో మనవాడు లెటరు టైపు చేసుకుంటున్నాడని నమ్మాలన్నమాట. ఐదేళ్ళ నిషేధం పడింది, జట్టు మూతపడింది. ఇలాంటి చరిత్ర పెట్టుకుని పేరా అడిగే ముఖం మనకు లేదు. ఒప్పుకుంటాను.

కానీ మిగతావాళ్ళకేమైంది? 2024 కోపెన్‌హాగన్ మేజర్‌లో ఇరవై నాలుగు జట్లు. ఆసియా-పసిఫిక్ మొత్తానికి సీట్లు రెండు. ప్రపంచ జనాభాలో సగానికి పైగా ఉన్న చోటికి రెండు! రెండే ఇచ్చేవారు, తర్వాత ‘చూశారా, ఎప్పుడూ రెండే జట్లు వస్తాయి, బలహీన ప్రాంతం’ అనేవారు. మంచి జట్లతో సాధన చెయ్యాలంటే యూరప్ వెళ్ళాలి. అక్కడ ఇల్లు అద్దెకు తీసుకోవాలి, యూరోల్లో తినాలి, వీసా గడువు అయిపోతే సామాను సర్దుకుని తిరిగి రావాలి. మ్యాచ్ ఓడిన పదిహేనేళ్ళ జర్మనీ కుర్రాడు బస్సెక్కి అమ్మ దగ్గరికి పోతాడు. ఉలాన్‌బాతర్ కుర్రాడు పోలేడు. ఇది ప్రివ్యూలో ఎక్కడైనా రాస్తారా? రాయరు. ‘క్రమశిక్షణ తక్కువ’ అని మాత్రం రాస్తారు.

అసలు ఏ ప్రాంతం బలమెంతో తేలేది సర్వర్లో కాదు, ఎంబసీ కిటికీ దగ్గర. నిరుడు ఆస్టిన్ మేజర్‌కు అర్జెంటీనా జట్టు బెస్టియా అర్హత సాధించింది. ఆడి, గెలిచి, సాధించింది. అమెరికా వీసాలు వేళకు రాలేదు. వాళ్ళ చోటు బ్రెజిల్ జట్టు లెగసీకి వెళ్ళిపోయింది. అంతే సంగతి. ఆ ఐదుగురు ఏళ్ళ తరబడి రాత్రుళ్ళు కూర్చుని నేర్చుకున్న ప్రతి ఫ్లాష్, ప్రతి స్మోక్, గెలిచిన ప్రతి మ్యాపు, ఒక కాగితం దగ్గర ఆగిపోయింది. దీన్ని వార్తల్లో ‘వీసా సమస్యలు’ అన్నారు. సమస్యట! వాన పడ్డట్టు, కరెంటు పోయినట్టు, ఎవరూ చెయ్యకుండా దానంతటదే జరిగిపోయినట్టు! ఆ కాగితం వేళకు ఇవ్వనివాడు ఒకడున్నాడు. అక్కడ టోర్నీ పెట్టినవాడు ఒకడున్నాడు. వాళ్ళ పేర్లు ఏ ప్రివ్యూలోనూ ఉండవు. నానక్‌రామ్‌గూడ కాన్సులేట్ బయట తెల్లవారకముందే ఫైలు గుండెకు ఆనించుకుని నిలబడ్డవాళ్ళకు నేను విడమర్చి చెప్పనక్కర్లేదు. స్లాటు కోసం నెలల తరబడి తెర రిఫ్రెష్ చేసినవాళ్ళం, రెండు నిమిషాల ఇంటర్వ్యూలో చదువూ సంపాదనా అన్నీ చీటీ ముక్కైపోవడం చూసినవాళ్ళం. బెస్టియా కుర్రాళ్ళ ముఖాలు ఎలా ఉండి ఉంటాయో మనకు ఫోటో అవసరం లేదు. ఆ రోజు వాళ్ళను ఆపింది క్రమశిక్షణ లేకపోవడం కాదు, అనుభవం లేకపోవడం కాదు, దూకుడు ఎక్కువై కాదు. పాస్‌పోర్టు అట్ట రంగు. ఇక్కడికొచ్చేసరికి నాకు భీమవరం జోకులు రావు.

కాబట్టి ప్రివ్యూ పండితులకు ఒక పని సులువు చేసి పెడతాను. జట్టు పేరు పక్కన ర్యాంకు, మ్యాపులు, గెలుపు శాతం వేస్తారు కదా, ఇంకొక్క గడి చేర్చండి: వీసాకు పట్టిన రోజులు. వైటాలిటీకి అందులో గీత పెట్టండి, కొలోన్ వాళ్ళకు రైల్లో పోయేంత దూరం. మిగిలిన గళ్ళు నింపుతూ పోతే ప్రాంతాల బలాబలాలు మీ పదిహేను పేరాల కంటే నికరంగా తేలతాయి.

వాళ్ళు చేర్చరు. ఈ పాటికి ఆసియా పేరా రాసేసే ఉంటారు, జట్టు పేర్లు పెట్టడమే మిగిలుంటుంది. ఈ ఏడాది చివర్లో ఇంకో మేజర్ ఉంది, సింగపూర్‌లో. ఆతిథ్యమిస్తున్న ఖండం కాబట్టి రెండు పేరాలు దక్కుతాయని కొందరు ఆశపడుతున్నారు. రెండో పేరా అక్కడి తిండి గురించి ఉంటుంది.