కుండ కింద కుదురు

కిందటి డిసెంబరులో గుంటూరు వెళ్లినప్పుడు, బ్రాడీపేటలో మా అన్నయ్య ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద ఒక చిన్న జేబు పుస్తకం చూశాను. ఒక పేజీలో ఇలా ఉంది. "6.10 ఫ్యాన్ ఎందుకు కిర్రుమంటోంది. 6.14 ఐడీ కార్డు ఎక్కడ పెట్టాను. 6.21 పులుసు వాసన, చేపలు తెచ్చారా." పక్కన టైమర్ పెట్టుకుని మా మేనల్లుడు కెమిస్ట్రీ చదువుతున్నాడు. ఇంటర్ రెండో ఏడాది.

"ఏంట్రా ఇది?" అన్నాను.

"మధ్యలో బుర్రలోకి ఏదొస్తే అది ఇందులో రాసేసి మళ్లీ చదువులో పడాలత్తా. టైమర్ మోగాక వాటి సంగతి చూసుకోవచ్చు."

ఏడాది క్రితం వీడే విజయవాడలో ఒక రెసిడెన్షియల్ కాలేజీ హాస్టల్లో ఉండేవాడు. ప్రతి ఆదివారం టెస్టు, ఆ మార్కుల్ని బట్టి సెక్షన్. రెండుసార్లు కింది సెక్షన్‌కి దించారు. స్టడీ అవర్స్‌లో కదులుతున్నాడని నిలబెట్టేవారట. ఫ్లోర్ ఇన్‌ఛార్జి ఎప్పుడు ఫోన్ చేసినా ఒకటే మాట: తెలివి ఉందండీ, ఒళ్లు దగ్గర పెట్టుకోడు. చివరికి పిల్లాడు తిండి మానేస్తే అన్నయ్య వెళ్లి ఇంటికి తెచ్చేసుకున్నాడు.

వాడికి ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస, కుదురు నిలవని సమస్య, ఉందని డాక్టరు చెప్పినప్పుడు నాకు ఆశ్చర్యమనిపించలేదు. ఇక్కడ న్యూజెర్సీలో నలభై ఒకటో ఏట నాకూ అదే మాట చెప్పారు. దీని లక్షణాలు పన్నెండేళ్ల లోపే మొదలవుతాయి. చాలామందిలో పెద్దయ్యాక కూడా ఉంటాయి. కావలసిన పని మీద కావలసినంత సేపు ధ్యాస నిలవదు. నచ్చిన పని మీద మాత్రం గంటల తరబడి నిలుస్తుంది. మిక్సీ విప్పి మూడు గంటలు కూర్చున్నవాడు లెక్కల ముందు పది నిమిషాలు కూర్చోకపోతే, కావాలనే చేస్తున్నాడని ఇంట్లోవాళ్లు అనుకోవడం సహజమే. నేనూ నా గురించి అలాగే అనుకున్నాను, ఎన్నో ఏళ్లు.

థెరపీకి వెళ్లమంటే అన్నయ్య మొదట ఒప్పుకోలేదు. మా వైపు కౌన్సెలింగ్ అంటే రెండే అర్థాలు. ఒకటి ఇంజనీరింగ్ సీట్లకి జరిగేది. రెండోది ప్రిన్సిపల్ గదిలో అమ్మానాన్నల ముందు నిలబెట్టి పెట్టే చీవాట్లు. "మంచి మాటలు మేం చెప్పలేదా? చిన్నప్పటి నుంచీ చెప్తూనే ఉన్నాం" అన్నాడు. నిజమే, చెప్పారు. వాడికి అవన్నీ కంఠతా వచ్చు. ఏం చెయ్యాలో వాడికి తెలుసు, ఆ సమయానికి చెయ్యలేకపోవడమే వాడి కష్టం.

మనం పిల్లల్ని "కుదురుగా కూర్చో" అంటాం. మా అమ్మమ్మ వాళ్లింట్లో నీళ్ల కుండ కింద గడ్డితో చుట్టిన కుదురు ఉండేది. గుండ్రటి అడుగున్న కుండ ఉత్త గచ్చు మీద నిలవదు, దొర్లిపోతుంది. కుండని తిట్టి ఎవరూ నిలబెట్టలేదు, కింద కుదురు పెట్టారు. థెరపిస్టు మా వాడికి చేసింది అదే. అసలు ఒక్క బిగిన ఎంతసేపు చదవగలడో ముందు కొలిపించింది. పదకొండు నిమిషాలు. పాఠాన్ని అంతంత ముక్కలే చేయించింది. జేబు పుస్తకం ఆ తర్వాత వచ్చింది. పుస్తకం తెరవగానే "నాకెలాగూ రాదు" అని లోపల వినపడే మాటని ఎలా పట్టుకోవాలో, దానికి ఎలా జవాబు చెప్పుకోవాలో కొన్ని వారాలు సాధన చేయించింది.

మా వదినకీ పాఠం ఉంది. ఇదివరకు "లే, స్నానం చెయ్, బ్యాగు సర్దు, పాలు తాగు" అన్నీ ఒక్క ఊపిరిలో వచ్చేవి. ఇప్పుడు ఒకసారికి ఒక్క పనే చెప్తుంది. అది అవగానే బాగా చేశావని అప్పుడే అంటుంది, నెలాఖరు మార్కుల దాకా ఆగదు. ఆరేళ్ల లోపు పిల్లలకైతే అమెరికాలో పిల్లల డాక్టర్లు మందు కంటే ముందు తల్లిదండ్రులకి ఇలాంటి శిక్షణే ఇప్పించమంటారు.

మందుల్ని నేను తక్కువ చెయ్యడం లేదు. నేను వేసుకుంటున్నాను, మా వాడూ వేసుకుంటున్నాడు. ధ్యాస నిలవడానికి మందు సాయం చేస్తుంది. ఆ నిలిచిన ధ్యాసతో రోజుని ఎలా అమర్చుకోవాలో మాత్రం నేర్చుకుంటేనే వస్తుంది. బోస్టన్‌లో జరిగిన ఒక అధ్యయనం 2010లో అచ్చయింది. అప్పటికే మందులు వాడుతూ ఇంకా ఇబ్బంది పడుతున్న 86 మంది పెద్దవాళ్లని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి సీబీటీ (ఆలోచనల్ని, అలవాట్లని మార్చుకోవడం నేర్పే థెరపీ), రెండో జట్టుకి రిలాక్సేషన్, దాంతోపాటు జబ్బు గురించి అవగాహన. సీబీటీ జట్టులో మూడింట రెండు వంతుల మందికి బాగా గుణం కనిపించింది, రెండో జట్టులో మూడో వంతుకే. మందు పని చేస్తోందని అక్కడే ఆగిపోయినవాళ్లకి ఈ సంగతి చెప్పాలని నా ఆరాటం.

ప్రతి శనివారం అన్నయ్య, వాడు బస్సెక్కి విజయవాడ సూర్యారావుపేట వెళ్లి వస్తారు. గుంటూరులో అయితే ఎవరైనా చూస్తారని భయం. కొత్తపేటలో షుగరు డాక్టరు దగ్గర టోకెను తీసుకుని అందరితో కబుర్లు చెప్పే మా అన్నయ్య, ఈ ఒక్కదానికి ముప్పై అయిదు కిలోమీటర్లు పోతున్నాడు. అది నాకు చాలా బాధగా ఉంది.

ఇక్కడి మన తెలుగు సంఘం మన ఊళ్లలో కంటి శిబిరాలు పెడుతోంది, బీపీ, షుగరు చూపిస్తోంది. బడులకి బెంచీలు ఇచ్చాం. వచ్చే ఏడాది గుంటూరు, విజయవాడ శిబిరాల్లో ఒక గదిని ఏడీహెచ్‌డీకి కేటాయించమని కార్యవర్గాన్ని అడుగుతున్నాను. ఆర్‌సీఐలో (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) నమోదైన క్లినికల్ సైకాలజిస్టుని పిలిపించి, తెలుగులో తల్లిదండ్రులతో మాట్లాడిద్దాం. తర్వాత ఫీజు కట్టలేనివాళ్లకి మొదటి కొన్ని సెషన్లకి మనమే కడదాం. పండక్కి పిల్లలకి మనం పట్టుకెళ్లే ఫోన్ల ఖర్చుతో పోలిస్తే అది పెద్దదేమీ అవదు. ఈలోపు ఎవరికైనా ఎక్కడ అడగాలో తెలియకపోతే, మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ ఫోన్ నంబరు 14416 ఉంది. తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు.

జనవరిలో నేను మళ్లీ గుంటూరులోనే ఉంటాను. గది వెతకడం, కుర్చీలు వేయించడం నేను చూసుకుంటాను. శనివారం పెట్టకండి, ఆ రోజు మా వాళ్లతో నేనూ బస్సెక్కుతున్నాను.